చిల్లుల ప్యానెళ్లు: కోడు ఎలా తేల్చాలి, పెట్టె ఎలా కట్టాలి

జీడిమెట్లలో ఫ్యాబ్రికేషన్ షాపు నడుపుతున్న మిత్రులు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. వారు 3 మిల్లీమీటర్ల అల్యూమినియం షీటుకు 5 మి.మీ. చిల్లులు పంచ్ చేసి, పొడవాటి రెండు అంచులనూ 40 మి.మీ. మేర బెండ్ చేసి, పౌడర్ కోటింగ్ వేయించి, అమెరికాలో డల్లాస్ దగ్గర కడుతున్న ఒక భవనం ముఖభాగానికి పంపుతున్నారు. మొదటి విడతలో మూడు చిక్కులు వచ్చాయి. ఇక్కడి సీహెచ్‌ఏ (కస్టమ్స్ ఏజెంటు) హెచ్‌ఎస్ కోడు (సుంకం కోసం సరుకుకు వేసే అంతర్జాతీయ వర్గీకరణ అంకె) 7606 అంటే, అక్కడి కొనుగోలుదారు తరఫు బ్రోకరు 7610 అన్నారు. హ్యూస్టన్ నుంచి సైటుకు సరుకు తీసుకెళ్లిన లారీ కంపెనీ ఫ్రైట్ క్లాసు (లారీ కిరాయి తేల్చే తరగతి) మార్చి అదనపు బిల్లు వేసింది. పెట్టె విప్పితే ఆరు ప్యానెళ్ల మూలలు వంగి ఉన్నాయి. రెండో విడత పంపేలోగా ఏం సరిచేసుకోవాలన్నది వారి ప్రశ్న.

ఎగుమతి ప్యాకింగ్, డిస్పాచ్ పనులు ఇరవై ఏళ్లకు పైగా దగ్గరుండి చేయించిన అనుభవంతో చెబుతున్నాను. ఈ మూడు చిక్కులకూ మూలం ఒక్కటే. వర్గీకరణ అంటే సరుకు తయారై, పెట్టె మేకులు కొట్టాక కాగితం మీద వేసుకునే అంకె అనుకుంటున్నారు. నిజానికి కస్టమ్స్ కోడు మీరు షీటు మీద చేసిన పనిని బట్టి, ఫ్రైట్ క్లాసు మీరు పెట్టె కట్టిన తీరును బట్టి తేలుతాయి. అంటే రెండూ మీ షాపులోనే, డ్రాయింగ్ మీద సంతకం పడేనాటికే సగం నిర్ణయమైపోతాయి. ఈ రెండు వర్గీకరణలకూ ఒకదానితో మరొకదానికి సంబంధం లేదు. మొదటిది సుంకం కోసం, రెండోది లారీ కిరాయి కోసం. చాలామంది ఈ రెంటినీ కలగలిపి ఇన్వాయిస్ మీదా బిల్ ఆఫ్ లేడింగ్ (రవాణా పత్రం) మీదా ఒకటే వాక్యం రాస్తారు, తగువు అక్కడే మొదలవుతుంది.

ముందు కస్టమ్స్ సంగతి చూద్దాం. షీటుకు చిల్లులు పెట్టినంత మాత్రాన అది షీటు కాకుండా పోదు. పెర్ఫొరేట్ చేసినా, ముడతలు వేసినా, పాలిష్ చేసినా, పూత పూసినా, ఆ పనివల్ల అది వేరే వస్తువు స్వభావం పొందనంత వరకు షీటు శీర్షికలోనే (కోడులోని మొదటి నాలుగు అంకెల విభాగంలోనే) ఉంటుందని హెచ్‌ఎస్ నిబంధనలే చెబుతున్నాయి. అల్యూమినియంలో 0.2 మి.మీ. కంటే మందం ఎక్కువ ఉంటే ఆ శీర్షిక 7606. అందులోనూ దీర్ఘచతురస్రాకార షీటు మిశ్రలోహమైతే 7606.12, మిశ్రలోహం కాకపోతే 7606.11. ఉక్కుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. జింకు పూత ఉన్న షీటు వెడల్పు 600 మి.మీ. లేదా అంతకు మించితే 7210, తక్కువైతే 7212. స్టెయిన్‌లెస్ అయితే 7219, 7220. ఇక్కడ తరచుగా జరిగే ఒక పొరపాటు చెప్పాలి. చిల్లులు కనిపించగానే ఉక్కు షీటుకు 7314 వేసేస్తుంటారు. ఆ శీర్షిక తీగతో అల్లిన జాలీకి, ఎక్స్‌పాండెడ్ మెటల్‌కు చెందినది. ఎక్స్‌పాండెడ్ మెటల్ అంటే షీటును గాట్లు పెట్టి సాగదీసి తయారుచేసేది. పంచ్ కొట్టి ముక్క తీసేసిన షీటు అందులోకి రాదు.

ఇక మీ సరుకు విషయం. 1220 × 2440 కొలతలో, ఎవరికైనా అమ్మగల మామూలు చిల్లుల షీటు అయివుంటే మీ సీహెచ్‌ఏ చెప్పిన 7606 సరైనదే. కానీ మీ ప్యానెళ్లు ఆ భవనం డ్రాయింగుకు తగ్గట్టు కోసినవి, అంచులు బెండ్ చేసినవి, బిగించడానికి స్లాట్లు కొట్టినవి, ప్రతిదానికీ స్థానాన్ని తెలిపే మార్కు నంబరు ఉన్నది. భవనంలో బిగించడానికే సిద్ధం చేసిన వస్తువులవి. నిర్మాణాలు, వాటి భాగాలు, నిర్మాణంలో వాడేందుకు సిద్ధం చేసిన ప్లేట్లు వచ్చే శీర్షిక 7610. కాబట్టి నా అభిప్రాయంలో అమెరికా బ్రోకరు చెప్పినదే సబబు, 7610.90 వైపే మొగ్గాలి. ఇవే ఉక్కుతో చేసి ఉంటే 7308 అయ్యేవి. భవనంతో సంబంధం లేని యంత్రం కవరు, డబ్బా మూత లాంటివి అయితే 7616.99. క్రషర్లలో వాడే జల్లెడ ప్లేటు అయితే అది యంత్ర భాగంగా 8474.90కి వెళుతుంది. ఒకే పంచింగ్ మెషీను మీద ఒకే రోజు చేసిన సరుకు నాలుగు శీర్షికలకు చెదిరిపోవడం ఈ వృత్తిలో మామూలే.

మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతా ఒకటే. మన దేశంలో ఎనిమిది, అమెరికాలో పది అంకెల వరకు వెళతాయి. అందువల్ల మీ షిప్పింగ్ బిల్లులోనూ (ఎగుమతి కస్టమ్స్ పత్రం) వారి ఎంట్రీలోనూ (దిగుమతి కస్టమ్స్ పత్రం) ఆరు అంకెలు కలవాలి. మిగతావి కలవకపోయినా బెంగ లేదు. ఆరు అంకెల దగ్గరే భేదాభిప్రాయం ఉంటే సరుకు కదలకముందే డ్రాయింగు, ఫొటో, బెండింగు వివరం బ్రోకరుకు పంపి తేల్చుకోండి. అమెరికా కస్టమ్స్ ముందస్తు రూలింగ్ ఇస్తుంది. పెద్ద ఆర్డర్లు వరుసగా ఉన్నప్పుడు దానికి దరఖాస్తు చేయడం కొనుగోలుదారుకూ మేలు.

దీనికి ఇంత పట్టింపు ఎందుకంటే అమెరికాలో అల్యూమినియం మీద వేసే సెక్షన్ 232 అనే అదనపు దిగుమతి సుంకం ఉంది. 7606 శీర్షిక 2018 నుంచే ఆ జాబితాలో ఉంది. 7610ని 2025 మార్చిలో అనుబంధ వస్తువుగా చేర్చారు. అదే ఏడాది జూన్ 4 నుంచి రేటును 25 నుంచి 50 శాతానికి పెంచారు. ఈ రేట్లూ, దేనిమీద లెక్కగట్టాలన్న నియమాలూ మారుతూ ఉంటాయి కనుక సరుకు అక్కడికి చేరే తేదీకి ఏది అమల్లో ఉంటుందో బ్రోకరు చేత రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ అల్యూమినియం ఏ దేశంలో కరిగించారో, ఏ దేశంలో పోతపోశారో కూడా అక్కడ చెప్పాల్సి ఉంటుంది. నాల్కో, హిందాల్కో లాంటి తయారీదారు షీటు కొన్నప్పుడు వచ్చే మిల్లు సర్టిఫికెట్టును భద్రపరచి, హీట్ నంబరుతో (పోత విడత సంఖ్యతో) సహా ఇన్వాయిస్‌కు జతచేయండి. డీలరు దగ్గర చిల్లరగా కొన్న షీటుకు ఆ కాగితం చాలాసార్లు దొరకదు. ఎగుమతి ఆర్డరుకు అలాంటి షీటు వాడవద్దనే నా సలహా.

రెండో చిక్కు ఫ్రైట్ క్లాసు. మన దగ్గర పార్ట్ లోడు పంపేటప్పుడు ట్రాన్స్‌పోర్టు ఆఫీసు బరువు చూస్తుంది, సరుకు తేలికగా ఉండి చోటు ఎక్కువ పడితే బేరమాడుతుంది. అమెరికాలో ఎల్‌టీఎల్ అనే పార్ట్ లోడు రవాణాకు ఆ బేరమే ఒక పట్టికగా ఉంది. ఎన్‌ఎంఎఫ్‌సీ అనే ఆ వర్గీకరణలో 50 నుంచి 500 వరకు 18 క్లాసులు ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ కిరాయి పెరుగుతుంది. సాంద్రత, ఎత్తిదించే సౌలభ్యం, లారీలో ఇమిడే తీరు, నష్టపోయే అవకాశం అనే నాలుగింటిని బట్టి క్లాసు నిర్ణయిస్తారు. 2025 జూలైలో చేసిన మార్పుల తర్వాత చాలా సరుకులకు సాంద్రతే ప్రధానమైంది. ఘనపుటడుగుకు ఎన్ని పౌండ్లన్నదే లెక్క. 22.5 నుంచి 30 లోపు అయితే క్లాసు 65, 12 నుంచి 15 లోపు 85, 8 నుంచి 10 లోపు 100, 6 నుంచి 8 లోపు 125.

మీ సరుకునే లెక్కగట్టి చూద్దాం. 60 డిగ్రీల అమరికలో గుండ్రటి చిల్లులకు ఖాళీ శాతం కావాలంటే చిల్లు వ్యాసం వర్గాన్ని పిచ్ (పక్కపక్క చిల్లుల కేంద్రాల మధ్య దూరం) వర్గంతో భాగించి 90.69తో గుణించాలి. 5 మి.మీ. చిల్లు, 8 మి.మీ. పిచ్ అనుకుంటే ఖాళీ సుమారు 35 శాతం. 1220 × 2440 × 3 మి.మీ. నిండు షీటు 24.1 కిలోలు ఉంటుంది. చుట్టూ 20 మి.మీ. చిల్లుల్లేని అంచు వదిలితే చిల్లులు పడ్డాక దాదాపు 16 కిలోలు. బెండ్ చేయని 20 షీట్లను మధ్యలో ఫోమ్ వేసి పేర్చి, 65 కిలోల ప్యాలెట్ మీద కడితే, బయటి కొలతలు 1.30 × 2.52 × 0.25 మీటర్లు, మొత్తం బరువు 385 కిలోలు. ఘనపుటడుగుకు 29 పౌండ్ల పైచిలుకు వస్తుంది, క్లాసు 65.

ఇప్పుడు రెండు అంచులు బెండ్ చేసిన మీ ప్యానెల్ తీసుకోండి. ఒక్కోటి 17.6 కిలోలు. 20 ప్యానెళ్లను ఒకదానిపై ఒకటి పేర్చి 100 కిలోల క్రేటులో (చెక్క పెట్టెలో) పెడితే మొత్తం 452 కిలోలు, అంటే 996 పౌండ్లు. క్రేటు ఎత్తు 1.05 మీటర్లు. ఘనపరిమాణం 121.5 ఘనపుటడుగులు, సాంద్రత 8.2, క్లాసు 100. మీరు కాగితం మీద రాసింది ఇదే. కానీ మీరు పంపిన ఫొటోలో పైకప్పు పలకల మీద అడ్డంగా మరో చెక్క పట్టీ కొట్టి, దానిమీద స్ట్రాపింగ్ బకిల్ ఉంది. టెర్మినల్‌లో కొలిచే యంత్రం ఎత్తైన బిందువునే పట్టుకుంటుంది. ఎత్తు 30 మి.మీ. పెరిగి 1.08 మీటర్లు అయ్యేసరికి సాంద్రత 7.97కి దిగింది. 8కి దిగువన క్లాసు 125. మీకు వచ్చిన అదనపు బిల్లు ఆ ఒక్క చెక్క పట్టీ వల్లే వచ్చిందని నా లెక్క. వారు కొలిచింది వారి పద్ధతి ప్రకారం సరైనదే. హద్దుకు అంత దగ్గరగా ఉన్న పెట్టెను కట్టడమే మన పొరపాటు.

దీనికి మార్గం ప్యానెళ్లను జతలుగా ఇమడ్చడం. రెండు ప్యానెళ్ల వెనుక భాగాలు ఎదురెదురుగా ఉంచి, ఒకదాన్ని 10 మి.మీ. పక్కకు జరిపితే ఒకదాని అంచు రెండోదాని లోపలికి దిగుతుంది. జత మందం ఫోమ్‌తో కలిపి 50 మి.మీ. దగ్గర ఆగుతుంది. పది జతలకు 500, అడుగుకూ పైకప్పుకూ 150 కలిపి ఎత్తు 650 మి.మీ. అదే బరువుకు సాంద్రత 13.2, క్లాసు 85. ఒక హెచ్చరిక చేయాలి: ఇది రెండంచుల ప్యానెలుకే కుదురుతుంది. నాలుగు వైపులా బెండ్ చేసిన ట్రే ప్యానెళ్లను ఎటు జరిపినా అంచులు అడ్డుపడతాయి. తరువాతి ఆర్డరులో ఆర్కిటెక్టు నాలుగు అంచులు అడిగితే, పైనా కిందా అంచులకు బదులు విడి పట్టీలు సైటులో బిగించవచ్చునేమో డ్రాయింగు దశలోనే అడగండి.

పొడవు సంగతి కూడా ఉంది. 2440 మి.మీ. అంటే దాదాపు 8 అడుగులు. క్రేటు కట్టాక 2520, అంటే 8 అడుగుల 3 అంగుళాలు. 8 అడుగులు దాటితే పొడవు సరుకు రుసుము వేసే కంపెనీలు అక్కడ ఉన్నాయి. ప్యానెల్ పొడవును 2340కి తగ్గించగలిగితే ఆ రుసుము తప్పుతుంది. కంటైనరులోనూ ఇలాంటి తిరకాసే ఉంది. లోపలి వెడల్పు 2.35 మీటర్లు. మీ 1.30 మీటర్ల క్రేట్లు రెండు పక్కపక్కన పట్టవు. పక్కన మీటరుకు పైగా ఖాళీ మిగిలిపోతుంది, దానికీ కిరాయి మీరే కడుతున్నారు. ప్యానెల్ వెడల్పు 1080 ఉండి క్రేటు 1150లో ముగిస్తే రెండు వరుసలు పడతాయి. 1220 నుంచి నూట నలభై మిల్లీమీటర్లు తగ్గినా భవనం అందానికి వచ్చే లోటు ఏమీ ఉండదు గానీ, ఈ మాట ఆర్కిటెక్టుకు చెప్పేవారు ఉండరు. చెప్పాల్సింది మీరే.

మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది, వంగిన మూలలు. చిల్లుల షీటు నిండు షీటులాంటిది కాదు. మూడోవంతు లోహం తీసేశాక దాని బిగువు తగ్గుతుంది. చిల్లుల వరుస వెంబడి సులువుగా మడత పడుతుంది. చిల్లులు అంచుదాకా వచ్చిన డిజైన్లలో మూల మరీ బలహీనం. మీ ఫొటోలో ప్యాలెట్ కంటే ప్యానెళ్లు రెండు వైపులా 15 మి.మీ. బయటికి వచ్చాయి. అలా వస్తే ఫోర్క్‌లిఫ్టు తగిలినా, పక్క సరుకు ఒరిగినా దెబ్బ నేరుగా మూలకే పడుతుంది. ప్యానెల్ అంచుకూ క్రేటు గోడకూ మధ్య కనీసం 25 మి.మీ. ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలో ఫోమ్ ముక్కలు బిగించాలి. మూలల్లో ప్లైవుడ్ కట్టడం మాత్రం తగ్గించవద్దు.

ప్యాలెట్ కింది నిర్మాణం మీద ఎవరూ దృష్టి పెట్టరు. ఫోర్కు పొడవు సాధారణంగా 1.2 మీటర్ల లోపే ఉంటుంది. 2.52 మీటర్ల క్రేటును పొట్టి వైపు నుంచి ఎత్తితే ఫోర్కు సగం దాకానే చేరుతుంది, ముందు సగం వాలిపోయి ప్యానెళ్లన్నీ ఒక్కసారిగా విల్లులా వంగుతాయి. ఎత్తాల్సింది పొడవు వైపు నుంచే. అయితే కంటైనరులోకి క్రేటు పొడవుగానే వెళుతుంది కాబట్టి అక్కడ పొట్టి వైపు నుంచి నెట్టక తప్పదు. అందుకని నాలుగు వైపుల నుంచీ ఫోర్కు దూరేలా 100 మి.మీ. దిమ్మెలు పెట్టించండి. ఆ దారి లేకపోతే అవతలి రేవులో గొలుసు కట్టి లాగుతారు. దిమ్మెల మీద అడ్డపట్టీలు 500 మి.మీ.కు ఒకటి చొప్పున ఉండాలి, స్ట్రాపింగ్ సరిగ్గా ఆ పట్టీల మీదుగానే వెళ్లాలి. రెండు పట్టీల నడుమ స్ట్రాపు బిగిస్తే సన్నటి షీటు నడుము వంగిపోతుంది. ఇనుప స్ట్రాపు వద్దు, పెట్ (ప్లాస్టిక్) స్ట్రాపు, దానికింద మూల రక్షణ అట్టలు వాడండి. ఎల్‌టీఎల్‌లో సరుకు ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కు దిగుతూ ఎక్కుతూ వెళుతుంది. ‘పైన బరువు పెట్టరాదు’ అని రాసినా పెట్టేవారు పెడతారు. బరువు పెడతారనే లెక్కతోనే 12 మి.మీ. ప్లైవుడ్ పైకప్పు వేసి, ఆ బరువు ప్యానెళ్ల మీద కాకుండా క్రేటు గోడల మీద పడేలా కట్టించండి.

ఒక్కో ప్యానెల్ మధ్య ఏం వేయాలన్నది నేను నష్టపోయి నేర్చుకున్నాను. చాలా ఏళ్ల క్రితం నల్లటి పౌడర్ కోటింగ్ ప్యానెళ్లను నేరుగా బబుల్ ర్యాపులో చుట్టించి మే నెలలో పంపాను. రేవులో కంటైనరు ఎండలో ఆగిపోయింది. విప్పేసరికి ప్రతి ప్యానెల్ మీదా బుడగల అచ్చులు వరుసలుగా పడి ఉన్నాయి. ఎంత తుడిచినా పోలేదు, సగం సరుకు తిరిగి కోటింగుకు వెళ్లింది. అప్పటినుంచి కోటింగు ముఖానికి బబుల్ ర్యాపు తగలనివ్వను. 2 మి.మీ. ఫోమ్ షీటే వేయిస్తాను. ఓవెన్ నుంచి వచ్చిన సరుకు పూర్తిగా చల్లారనిదే ప్యాక్ చేయనివ్వను. జతలుగా ఇమిడ్చితే రంగు ముఖాలు బయటికి వస్తాయి కనుక జతకూ జతకూ మధ్య ముఖం ముఖం చూసుకునేలా ఫోమ్ వేయండి. పంచ్ బయటికి వచ్చే వైపు చిల్లు అంచున చిన్న బర్ర్ (పదునైన గరుకు అంచు) ఉంటుంది. అది పక్క ప్యానెల్ రంగుకు తగిలితే లారీ కుదుపులకు గీకుతూనే ఉంటుంది. రంగు వేయని అల్యూమినియం అయితే ఆ రాపిడికే నల్లటి మచ్చలు పడతాయి. ఇంకొక మాట: హమాలీలు చిల్లుల్లో కొక్కెం వేసి ఎత్తుతారు. ఎత్తడానికి సులువుగా ఉంటుంది, చిల్లు మాత్రం సాగిపోతుంది. మీ షాపులో మానిపించండి.

చెక్క విషయంలో ఐఎస్‌పీఎం 15 (చెక్క ప్యాకింగ్ ద్వారా పురుగులు వ్యాపించకుండా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం) గుర్తు తప్పనిసరి. వేడి పద్ధతిలోనైతే చెక్క గర్భం 56 డిగ్రీల వేడిలో ఏకధాటిగా 30 నిమిషాలు ఉండాలి, గుర్తింపు పొందిన సంస్థ ముద్ర పడాలి. ముద్ర లేని ఒక్క పట్టీ ఉన్నా అమెరికా అధికారులు సరుకును వెనక్కి పంపించగలరు. ప్లైవుడ్‌కు ఈ నియమం వర్తించదు. అయితే వేడిచేసిన చెక్క ఎండిన చెక్క కాదు, ఇది గుర్తుంచుకోవాలి. పచ్చి చెక్కకు ముద్ర వేయించి తెస్తే అందులోని తేమంతా సముద్రం మీద కంటైనరు పైకప్పుకు చేరి బొట్లు బొట్లుగా ప్యానెళ్ల మీద కురుస్తుంది. తేమ 20 శాతం లోపు ఉందని మీటరుతో చూసి తీసుకోండి, క్రేటులో డెసికెంట్ (తేమ పీల్చే) సంచులు వేయించండి. జింకు పూత షీటుకు ఇది మరీ అవసరం. తడిసి, గాలి తగలకుండా ఒకదానికొకటి అంటుకుని ఉంటే తెల్ల తుప్పు పడుతుంది.

కాగితాల్లో ‘మెటల్ ప్యానెల్స్’ అని మాత్రం రాయవద్దు. ఇన్వాయిస్ మీద ‘అల్యూమినియం మిశ్రలోహ చిల్లుల ప్యానెళ్లు, కోసి, బెండ్ చేసి, రంగు వేసినవి, భవన ముఖభాగానికి’ అన్న వివరణ రావాలి. అవతలి బిల్ ఆఫ్ లేడింగ్ మీద ప్రతి క్రేటు బరువు, మూడు బయటి కొలతలు, సాంద్రత, క్లాసు ఉండాలి. 2016 జూలై 1 నుంచి కంటైనరు మొత్తం బరువు ధ్రువీకరణ ఎటూ తప్పదు కనుక, సనత్‌నగర్ ఐసీడీకి (లోతట్టు కంటైనర్ డిపోకు) పంపేముందు ఒక్కో క్రేటునూ వే బ్రిడ్జి మీద విడిగా తూయించి ఆ చీటీలు దాచండి. టేపు పట్టి కొలుస్తున్న ఫొటో, పైకప్పు మూయకముందు లోపలి ఫొటో కూడా తీసి ఉంచండి. క్లాసు మార్చారని బిల్లు వస్తే వాదించడానికి ఇవే ఆధారం.

సైటులో దించుకునేవారికి కూడా ఒక పేజీ సూచన పంపండి. అక్కడ డాకు (లారీ ఎత్తున ఉండే సరుకు దించే అరుగు) లేకపోతే, లారీ వెనుక ఉండే లిఫ్ట్‌గేటు మీద 8 అడుగుల క్రేటు సాధారణంగా పట్టదు కాబట్టి ఫోర్క్‌లిఫ్టు సిద్ధంగా ఉంచమనండి. డెలివరీ రసీదు మీద సంతకం చేసేముందు క్రేటు నాలుగు మూలలూ చూసి, దెబ్బ ఉంటే అదే రసీదు మీద రాయాలి. బయటికి కనబడని నష్టమైతే దించుకున్న 5 పనిదినాల్లోపు లారీ కంపెనీకి తెలియజేయాలి, లేకపోతే ఆ నష్టం తమ చేతిలో జరగలేదని వారు అనడానికి వీలవుతుంది. మొదటి విడతలో ఆ ఆరు ప్యానెళ్ల సంగతి మీకు ఏ రోజున తెలిసిందో, రసీదు మీద ఏం రాశారో కొనుగోలుదారును అడిగి చెప్పండి. గడువులోపే ఉంటే క్లెయిమ్ దరఖాస్తు ఎలా రాయాలో విడిగా వివరిస్తాను.